ఆవమొక్కల వార్డు

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. ఈ కథలో నేను మనుషుల పక్షం కాదు. మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో, పిడి ఊడిపోయిన బకెట్‌లో ఒక ఆవమొక్క ఉంటుంది. నా సానుభూతంతా దాని మీదే. దాన్ని చావడానికని నాటారు. తర్వాత బతకమని బతిమాలారు. ఆ తర్వాత మళ్లీ మాట మార్చారు. అది మాత్రం ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. అంత మర్యాద తెలిసినవాళ్లు ఈ కథలో ఇంకెవరూ లేరు. ముందే చెప్పేశాను కాబట్టి తర్వాత నన్నేమీ అనకండి.

ఇక మనుషుల సంగతికొద్దాం.

ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే అమ్మాయి ఒకతి ఉంది. వాళ్ల పెద్దమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. వీధి మొత్తానికీ ఆవిడ సిస్టరమ్మ. ఉద్యోగం అయిపోయిన మర్నాడే రెండు పెట్టెలు, ఒక బీపీ మిషన్ పట్టుకుని చెల్లెలింటికి వచ్చేసింది. పెట్టెలు మంచం కిందికి వెళ్లిపోయాయి. బీపీ మిషన్ మాత్రం బయటే ఉండిపోయింది. గొడవంతా అక్కడే మొదలైంది.

పిచ్చుక వాళ్ల నాన్న డ్రైవింగ్ స్కూల్లో కొత్తవాళ్లకి కారు నేర్పుతాడు. అంటే ఆయనకి బీపీ ఎలాగూ ఉంటుంది. పొద్దున్నే కళ్లు తెరిచేసరికి చేతికి పట్టీ చుట్టి ఉండేది.

"మరిదిగారూ, నూట నలభై ఉంది. పొద్దున్నే ఎవర్ని తిట్టారు?"

"ఎవర్నీ తిట్టలేదు వదినగారూ. మీరు పట్టీ పట్టుకొస్తుంటే చూశాను, అంతే."

అమ్మ వంటింట్లో తుమ్మితే చాలు, ఆవిడ టార్చిలైటుతో గుమ్మంలో నిలబడేది. "నాలుక బయటపెట్టు" అనేది. "అక్కా, నేను కూర తరుగుతున్నాను, ఐసీయూలో లేను" అని అమ్మ మొత్తుకునేది. పాలుపోసే అతను రెండిళ్ల అవతలే ప్యాకెట్లు పెట్టి పారిపోయేవాడు. ఆవిడ అతని గోళ్లు చూసి రక్తం తక్కువుందని తేల్చేసింది మరి.

అందరికీ నవ్వొచ్చేది, విసుగొచ్చేది. పిచ్చుక మాత్రం ఒకరోజు పొద్దున వేరేదొకటి చూసింది. పెద్దమ్మ తెల్లారకుండానే లేచి, స్నానం చేసి, జడ చుట్టి, పిన్నులు పెట్టుకుని, చేతి గడియారం కట్టుకుని, సోఫా అంచున కూర్చుని ఉంది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అయినా డ్యూటీకి తయారైపోయింది. అలా కూర్చుని, తలుపు వైపు చూస్తోంది.

ఆ చూపు పిచ్చుకకి రోజంతా గుర్తొస్తూనే ఉంది. సాయంత్రం పై అంతస్తులో ఉండే ఓనరుగారి దగ్గరికెళ్లి, బతిమాలి, నానా తంటాలూ పడి మేడ తలుపు తాళంచెవి తెచ్చింది. "పెద్దమ్మా, మేడ మీద మొక్కలు పెంచుదాం. పొద్దున్నే నీకో డ్యూటీ" అంది. పెద్దమ్మ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసి, తన తాళాలగుత్తికి తగిలించుకుంది. మర్నాడు నాన్న చేతికి పట్టీ లేకుండా నిద్రలేచాడు. ఏదో పోయినట్టనిపించి మంచం చుట్టూ వెతుక్కున్నాడట కూడా.

కాబట్టి ఈ కథలో అసలు సంగతి ఆ తాళంచెవే. అది గుత్తిలో ఉన్నంతకాలం పెద్దమ్మకి వెళ్లడానికో చోటుంది. పోయిందంటే మళ్లీ సోఫా అంచే.

పిచ్చుక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీవాళ్ల కంప్యూటర్లలోకే దొంగలా దూరడానికి చూసి, ఎక్కడెక్కడ కన్నాలున్నాయో చెప్పడం ఆమె ఉద్యోగం. అలాంటి ఆఫీసుల్లో ఒక తమాషా ఉంటుంది. దొంగల కోసమే ఒక ఉత్తుత్తి సర్వర్‌ని తలుపు తీసిపెట్టి ఉంచుతారు. దొంగ దాని మీద పడి సంబరపడుతుంటే అసలు సర్వర్ హాయిగా ఉంటుంది. తోటల్లో కూడా ఇదే చేస్తారని ఫోన్లో చదవగానే పిచ్చుక మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

మధ్యలో గ్రో బ్యాగుల్లో క్యాబేజీ పెట్టింది. చుట్టూ పాత బకెట్లలో, పెయింటు డబ్బాల్లో ఆవమొక్కలు. వాటిని క్యాబేజీకంటే ముందే వేసింది, పురుగులొచ్చే వేళకి అవే ఏపుగా, నోరూరేలా ఉండాలని. ఆవ క్యాబేజీకి దూరపు చుట్టమే. క్యాబేజీ మీద వాలే పేనుబంకకి ఆవ అంటే ఇంకా ప్రాణం. సన్నగా, బూడిదరంగులో, గుంపులు గుంపులుగా ఆకుకి అంటుకుపోయి రసం పీల్చేస్తుందే, ఆ పురుగన్నమాట. వాసనతో దాన్ని తికమకపెట్టడానికి మధ్యమధ్య వెల్లుల్లి, అంచుల్లో బంతి. ఒక మూల కొత్తిమీరని కొయ్యకుండా పూతకి వదిలేసింది. ఆ చిన్న చిన్న తెల్లపూల కోసం పురుగుల్ని తినే పురుగులు వస్తాయట. మందు చుక్క అక్కర్లేదు. డిజైన్ బ్రహ్మాండంగా ఉంది. ఒక మనిషిని లెక్కలోకి తీసుకోవడమే మర్చిపోయింది.

"పెద్దమ్మా, నువ్వు క్యాబేజీ చూసుకో. ఆవమొక్కల జోలికి మాత్రం వెళ్లకు. వాటికి పురుగు పట్టాలి. అదే ప్లాను."

"అలాగేలే."

ఆ "అలాగేలే" ఎలాంటిదో పిచ్చుకకి తెలీదు. రౌండ్సుకొచ్చిన కుర్ర డాక్టర్లు ఏదో ఒకటి చెప్పి వెళ్లిపోతుంటే, పెద్దమ్మ సరిగ్గా ఇలాగే అనేది. తర్వాత తనకేది సబబనిపిస్తే అది చేసేది.

కొన్నాళ్లకి ఓనరుగారు ఒక తెల్లచొక్కాని హ్యాంగర్‌తో సహా పట్టుకుని వీళ్ల గుమ్మంలోకొచ్చారు. జేబురుమాలు కూడా ఇస్త్రీ చేసుకునే మనిషి. ముఖం మాత్రం ఆరోజు ఇస్త్రీ లేకుండా ఉంది.

"పట్టుకో అమ్మా. పట్టుకుని వదులు."

పిచ్చుక చొక్కా పట్టుకుంది. వదిలింది. చొక్కా వదల్లేదు.

"చూశావా? నా బాల్కనీలో ఆరేసినవన్నీ ఇలాగే ఉన్నాయి. మీ మేడ మీది పురుగులు పైనుంచి ఏదో కారుస్తున్నాయి."

"అంకుల్, పేనుబంక తియ్యటి బంక వదులుతుంది, నిజమే. కానీ అక్కణ్ణుంచి మీ బాల్కనీ దాకా..."

"తియ్యగానే ఉంది" అన్నారాయన. అన్నాక, తనకెలా తెలిసిందో ఎదుటివాళ్లకి అర్థమైపోతుందని గుర్తొచ్చి, గొంతు సవరించుకున్నారు. "అంటే, చీమలు పట్టాయి కదా. దాన్ని బట్టి. సరే, అదంతా ఎందుకు. రెండు వారాలు టైమిస్తున్నా. ఆ ఆదివారం మందు ట్యాంకు వీపుకి తగిలించుకుని నేనే పైకొస్తా. పురుగు కనిపించిందా, మొత్తం కొట్టి పారేస్తా. తాళంచెవి తీసేసుకుంటా. తర్వాత ఎన్నిసార్లడిగినా ఇచ్చేది లేదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ చెయ్యి తాళాలగుత్తి మీద పడింది.

పిచ్చుక పరుగెత్తుకుంటూ పైకెళ్లి చూసింది. చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

ఆవమొక్కలు ఫొటోకి తయారైనట్టు నిగనిగలాడుతున్నాయి. ఒక్క పురుగు లేదు. మధ్యలో క్యాబేజీల మీద మాత్రం పేనుబంక కాలనీలు కట్టేసింది. లోపలి లేతాకులు ముడుచుకుపోయాయి. దొంగలు ఉత్తుత్తి సర్వర్‌కి దండం పెట్టేసి, తిన్నగా అసలు దాంట్లోకి దూరిపోయారన్నమాట.

పిచ్చుకకి తల తిరిగిపోయింది. విత్తనాలు తేడావా? వీటికి ఆవ వాసన నచ్చలేదా? మా పురుగులు మాత్రమే ఇంత తెలివైనవా? నాలుగు రోజులు ఇదే ఆలోచన. ఆఫీసు మీటింగులో ఎవరో ఏదో అడిగితే "ఆకు అడుగుభాగం చూశారా?" అనేసింది. అవతలివాళ్లు నోట్ చేసుకున్నారు కూడా.

ఐదోరోజు మధ్యాహ్నం ఇంటి నుంచే పని చేస్తోంది. మీటింగ్‌ని మ్యూట్‌లో పెట్టి, చెవిలో ఇయర్‌ఫోన్‌తోనే మేడెక్కింది. తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది.

పెద్దమ్మ చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు. ఒళ్లో స్టీలు ట్రే. ట్రేలో పట్టకారు, దూది, గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు. పిడి ఊడిన బకెట్‌లోని ఆవమొక్కకి, ఐస్‌క్రీమ్ పుల్ల ఆన్చి బ్యాండేజీ కట్టి ఉంది. ఆవిడ దాని ఆకుని ఎత్తి, అడుగున దూదితో తుడుస్తూ మాట్లాడుతోంది.

"అయిపోయింది, అయిపోయింది. ఇంకొక్కటి. చూశావా, ఏం కాలేదు."

"పెద్దమ్మా!"

పెద్దమ్మ ఉలిక్కిపడింది కానీ దూది వదల్లేదు. "అరవకే, పేషెంటు ఉంది."

"ఏం చేస్తున్నావు?"

"కనబడట్లా? నువ్వు చూస్తే వీటిని గాలికొదిలేశావు. ఇదిగో ఇది, నేనొచ్చేసరికి తలవాల్చేసింది పాపం. ఇంకో రెండ్రోజులైతే దక్కేది కాదు."

"దక్కకూడదు! దానికి పురుగు పట్టాలనే కదా పెట్టింది! చెప్పాను కదా నీకు, అలాగేనన్నావు కదా?"

"అలాగేలే అన్నాను. అలాగే అన్నానా?"

పిచ్చుక తల పట్టుకుంది. చెవిలో మీటింగ్‌లో ఎవరో తన పేరు పిలుస్తున్నారు. ఇయర్‌ఫోన్ పీకేసింది.

"సరే. తుడిచిన పురుగుల్ని ఏం చేస్తున్నావు? చంపేస్తున్నావా?"

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "చంపడానికి చేతులు రాలేదే. పిల్లలతో ఉన్నాయి. అందుకని అవతల దులిపేస్తున్నా."

"అవతలంటే?"

"అదిగో, అక్కడ." పట్టకారుతో క్యాబేజీల వైపు చూపించింది. "అవి గుండ్రంగా బలంగా ఉన్నాయి కదా, తట్టుకుంటాయిలే అని."

పిచ్చుకకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. తను వారాల తరబడి వేసిన ప్లానుని ఒక మనిషి దూదితో, పట్టకారుతో తలకిందులు చేసేసింది. అదీ ఎంత శ్రద్ధగా! ఏ మొక్క ఎక్కువ నీరసంగా ఉంటే దాని దగ్గరికే ముందు వెళ్లింది. బాగున్నవాటిని తర్వాత చూద్దామనుకుంది. వార్డులో బతుకంతా చేసింది అదే.

"పెద్దమ్మా, వాటిని వదిలెయ్యాలి. లేకపోతే క్యాబేజీలు పోతాయి. ఆదివారం ఓనరంకుల్ వస్తాడు. తాళంచెవి పోతుంది."

"తెలుసు." పెద్దమ్మ కళ్లజోళ్లు రెండూ తీసి కొంగుతో తుడుచుకుంది. "నాకూ భయంగానే ఉందే. కానీ ఈ బెడ్‌ని పట్టించుకోకు అని ఇన్నేళ్లలో నాకెవరూ నేర్పలేదు. ఎలా చెయ్యాలో నిజంగానే తెలీదు."

పిచ్చుక పక్కనే గచ్చు మీద చతికిలబడింది. అప్పుడు కంటబడింది ట్యాంకు పక్కన గోడ మీద ఒక సీసా. మూతకి సూదితో చిన్న చిన్న కన్నాలు పొడిచి ఉన్నాయి.

"అందులో ఏంటి?"

"అవా? అవి అసలు దొంగవెధవలు. ఇదిగో వీటిని మాత్రం క్యాబేజీల దగ్గరికి కూడా పోనివ్వలేదు. విడిగా పెట్టా."

పిచ్చుక సీసా ఎత్తి చూసింది. నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజరంగు మచ్చలతో, ఒంటినిండా గరుకు ముళ్లతో, చీమంత మొసళ్లు. చూస్తేనే ఒళ్లు జలదరించేలా ఉన్నాయి.

"వీటికి తిండి?"

"అదే కదా విచిత్రం. ఖైదీలకైనా అన్నం పెట్టాలని రోజుకో పురుగుపట్టిన ఆకు వేస్తున్నా. మర్నాటికి ఆకు ఆకులాగే ఉంటోంది. ఒక్క చిల్లు లేదు. దాని మీది పేనుబంక మాత్రం మాయం. పారిపోతోందేమోనని మూతలో కన్నాలు చిన్నవి చేశా కూడా."

పిచ్చుక మెల్లగా తల తిప్పి పెద్దమ్మ వైపు చూసింది. జేబులోంచి ఫోన్ తీసింది. సీసాని ఫొటో తీసి వెతికింది. తర్వాత ఫోన్‌ని పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టింది. బొమ్మలో అచ్చం అదే మొసలి. పక్కనే అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఇంకో బొమ్మ. గుండ్రటి ఎర్రటి వీపు, నల్లచుక్కలు.

"ఇది అక్షింతల పురుగు కదే!" అంది పెద్దమ్మ. "బంగారంలాంటి పురుగు. దీని పిల్లలా ఇవి?"

"అవును. ఇవి తినేది పేనుబంకనే. కొత్తిమీర పూల కోసం పెద్దవి వచ్చి, ఆవమొక్కల మీద గుడ్లు పెట్టుంటాయి. పిల్లలకి తిండి పక్కనే ఉంటుందని. నువ్వు ఆ తిండిని తుడిచేసి, పిల్లల్ని జైల్లో పెట్టావు."

పెద్దమ్మ సీసాని రెండు చేతులతోనూ తీసుకుంది. మూత తీసి లోపలికి చూసింది. ఆవిడ ముఖం మారిపోవడం పిచ్చుక కళ్లారా చూసింది. దొంగవెధవలు అన్న మాట ఎటుపోయిందో తెలీదు.

"అయ్యో తల్లీ. ఎంత చిక్కిపోయారు" అంది పెద్దమ్మ. "అనుకుంటూనే ఉన్నా, రోజుకో ఆకు ఏం సరిపోతుందని."

ఆ క్షణాన పెద్దమ్మ వార్డు మారింది. పెద్దల వార్డు నుంచి పిల్లల వార్డుకి.

సీసాలో ఉన్నవాటిని సగం క్యాబేజీల మీద, సగం ఆవమొక్కల మీద వదిలారు. ఆవ మీద పేనుబంక మళ్లీ పట్టాలి, పిల్లలకి తిండి అయిపోకూడదు. ఇప్పుడు పెద్దమ్మ చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడం. అదే అన్నిటికంటే కష్టమైంది. ఆవమొక్క తలవాల్చగానే ఆవిడ చెయ్యి తనంతట తనే దూది వైపు పోయేది. చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేది. అటు వెళ్లేది, ఇటొచ్చేది, కాలు కాలిన పిల్లిలా. "ఒక్క ఆకు తుడుస్తానే. ఎవరూ చూడరు." "పెద్దమ్మా!" "సరేలే, సరేలే."

ఇక లాభం లేదనుకుని పిచ్చుక మెట్ల దగ్గరికెళ్లి కిందికి కేకేసింది. "నాన్నా! పైకి రా! చొక్కా చెయ్యి మడుచుకుని రా!"

అలా నాన్న వచ్చి ఆవమొక్కల పక్కన ఒక బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ చెయ్యి దురద పెట్టినప్పుడల్లా, దూదికి బదులు నాన్న జబ్బ దొరికేది. క్యాబేజీకి ఆవ ఎలాగో, ఆవకి నాన్న అలాగ.

"ఇంకెంతసేపు వదినగారూ? పట్టీ మొదలెట్టాక ఇది ఏడోసారో ఎనిమిదోసారో."

"కదలకండి మరిదిగారూ. అబ్బ, నూట ఇరవై! మేడగాలి పడిందండీ మీకు."

నాన్న ఆశ్చర్యపోయాడు. తర్వాత ఎవరూ పిలవకుండానే రావడం మొదలుపెట్టాడు.

ఆదివారం వచ్చింది. ఓనరుగారూ వచ్చారు. వీపు మీద మందు ట్యాంకు, ముక్కుకి గుడ్డ, చేతులకి గిన్నెలు తోమే గ్లవుజులు, కళ్లకి ఈతకొట్టేవాళ్ల కళ్లద్దాలు. చొక్కా మాత్రం ఇస్త్రీదే.

మేడ గుమ్మానికడ్డంగా పెద్దమ్మ నిలబడింది. "ఎవరి కోసం వచ్చారు?"

"పురుగుల కోసం."

"చేతులు కడుక్కుని రండి."

"గ్లవుజులున్నాయండీ."

"అయితే గ్లవుజులు కడుక్కోండి."

ఆయన కడుక్కున్నారు. ఎందుకు కడుక్కున్నారో ఆయనకే తెలీదు. ఆ గొంతు విని పెద్దపెద్ద సర్జన్లే కడుక్కున్నారు.

క్యాబేజీలన్నీ వంగి వంగి చూశారు. ఆకులెత్తి చూశారు. ముడుచుకుపోయిన లేతాకులు విచ్చుకుంటున్నాయి. ఎక్కడో ఒకటీ అరా తప్ప పేనుబంక లేదు. "ఊఁ" అన్నారు. పిచ్చుక ఊపిరి పీల్చుకోబోయింది. అంతలో ఆయన నడుం నిటారుగా చేసి నీళ్ల ట్యాంకు వైపు తిరిగారు.

"అమ్మబాబోయ్! ఇదేంటి?"

పిడి ఊడిన బకెట్‌లో ఆవమొక్క. కాండం కనిపించట్లేదు, అంతా బూడిదరంగు పేనుబంకే. ఐస్‌క్రీమ్ పుల్ల మీద కూడా ఉంది. ఆయన గొట్టం పైకెత్తారు.

పిచ్చుక అడ్డంగా వెళ్లి నిలబడింది. "అంకుల్, ఆగండి! అది కావాలని పెట్టింది. మా ఆఫీసులో దొంగల కోసం ఒక ఉత్తుత్తి సర్వర్ తెరిచిపెడతాం, వాళ్లు అందులో పడి..."

"నా ఇంటి నెత్తి మీద దొంగల్ని పెంచుతున్నావా?"

"కాదంకుల్, అంటే..."

"నువ్వుండవే" అంది పెద్దమ్మ. "అన్నయ్యగారూ, ఆస్పత్రిలో అంటువ్యాధుల వార్డుంటుంది. అందులో రోగులు కనిపించారని ఆస్పత్రికి తాళం వేసేస్తారా?"

ఓనరుగారు కాస్త ఆలోచించారు. "వెయ్యరు. కానీ ఆ వార్డుని తీసుకొచ్చి నా చొక్కాల నెత్తి మీద పెట్టరు కదండీ."

ఆయన మందు ట్యాంకు పిడి పట్టుకుని పంపు కొట్టడం మొదలుపెట్టారు. కిచ్, కిచ్. పెద్దమ్మ గుత్తిలోంచి తాళంచెవి విప్పడానికి వేళ్లు పెట్టింది. రింగు బిగుసుకుపోయింది, రావట్లేదు. తలొంచుకుని దానితో కుస్తీ పడుతూ, పడుతూ, తలెత్తింది.

"కదలకండి."

ఓనరుగారు శిల్పంలా ఆగిపోయారు. పెద్దమ్మ పట్టకారు తీసుకుని దగ్గరికెళ్లి, ఆయన కాలరు మీది నుంచి ఏదో తీసింది. ఎండకి ఎత్తిపట్టుకుంది.

"ఇది పచ్చగా ఉంది."

"అయితే ఏంటండీ? పురుగే కదా?"

"మావాళ్లు బూడిదరంగు. ఇన్ని రోజులుగా ఒక్కొక్కదాన్నీ దూదితో తుడిచానండీ, ముఖాలు గుర్తున్నాయి నాకు. ఇది మా వార్డుది కాదు. ఇది మీ ఇంటి నుంచి వచ్చింది."

పిచ్చుక వెలిగిపోయింది. ఆఫీసులో తప్పు ఎక్కణ్ణుంచి మొదలైందో దొరికినప్పుడు వచ్చే వెలుగది. "అంకుల్, ఒక్కసారి మీ బాల్కనీ చూడొచ్చా?"

"ఇల్లు సర్దలేదమ్మా" అన్నారాయన, గబుక్కున. జేబురుమాలు ఇస్త్రీ చేసుకునే మనిషి ఇల్లు సర్దలేదంటే ఎవరు నమ్ముతారు? అప్పటికే పెద్దమ్మ సగం మెట్లు దిగిపోయింది.

బాల్కనీ గ్రిల్లు మీదంతా ఒక తీగగులాబీ అల్లుకుని ఉంది. ఎంత ముద్దుగా పెంచారో చూస్తేనే తెలుస్తోంది. ప్రతి కొమ్మకీ మెత్తటి గుడ్డపేలికతో కట్టు. కుండీకి చక్రాల పీట. మొగ్గలు బోలెడున్నాయి. ఆ మొగ్గలన్నిటి మీదా, కాడల మీదా పచ్చటి పేనుబంక కిక్కిరిసిపోయి ఉంది. సరిగ్గా దాని కిందే బట్టలారేసే స్టాండు. స్టాండు మీద వరసగా తెల్లచొక్కాలు.

పైనుంచి ఒక బంకచుక్క నింపాదిగా జారి, చొక్కా జేబు మీద పడింది.

"అంకుల్" అంది పిచ్చుక, "దీనికి మందు కొట్టలేదేం?"

ఓనరుగారు ఈతకళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. గులాబీకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించారు. "మొగ్గ మీదుందమ్మా. ఇప్పుడు మందు కొడితే మాడిపోవూ?"

"మరి మా క్యాబేజీలు?"

"అవి క్యాబేజీలు కదమ్మా."

పిచ్చుక నోటికి చాలా వచ్చాయి. కానీ పెద్దమ్మ చెయ్యెత్తి ఆపేసింది. ఆవిడ నవ్వట్లేదు. ఆ గుడ్డపేలికల కట్లు చూస్తోంది. ఒక్కొక్కటీ ఎంత జాగ్రత్తగా, కొమ్మ ఒరుసుకోకుండా వేశారో చూస్తోంది.

"మనదనుకున్నదాని మీద చెయ్యాడదు అన్నయ్యగారూ" అంది. "నాకూ అంతే అయింది. సిగ్గుపడకండి. పిల్లా, పైకెళ్లి పిల్లల్ని తీసుకురా. ఆకలిమీదున్నవాళ్లని చూసి తీసుకురా."

పిచ్చుక ఆవాకు మీద నాలుగైదు నల్లమొసళ్లతో దిగింది. ఓనరుగారు ట్యాంకుతో సహా గోడకి అతుక్కుపోయారు.

"ఇవా! ఇవి మొక్కని తినవూ? మనల్ని తినవూ?"

"డ్యూటీ డాక్టర్లండీ. ముఖాలు అంతే. పని చూడండి."

ఒక మొసలి ఆకు మీది నుంచి మొగ్గ మీదికి నడిచింది. అటూ ఇటూ చూసింది. ఒక పచ్చ పురుగుని పట్టుకుంది. ఓనరుగారు అడుగు ముందుకేశారు. ఇంకో అడుగేశారు. కాసేపటికి ఆయన ముక్కుకీ మొగ్గకీ మధ్య బెత్తెడు దూరం లేదు.

"రెండోది తినేస్తోంది!" అన్నారు. క్రికెట్ స్కోరు చెప్తున్నట్టుంది గొంతు. "సిస్టరమ్మా, ఇంత పెద్ద మొక్కకి ఈ నాలుగూ చాలవేమోనండీ?"

"చాలవు. పైన ఇంకా ఉన్నాయి. ఆవమొక్కలున్నంతకాలం పుడుతూనే ఉంటాయి. పైన మందు కొట్టామనుకోండి, ఇక్కడికి పంపడానికి ఎవరూ ఉండరు. మీ ఇష్టం."

ఆయన ఇంకోసారి మొగ్గ వైపు చూశారు. తర్వాత ఒక్కొక్క పట్టీ విప్పి ట్యాంకు కింద పెట్టారు.

"ఆ తాళంచెవి మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. "నేను పైకి రావాలంటే మిమ్మల్నే అడుగుతాను."

"పొద్దున తొమ్మిదింటి లోపల రండి. తర్వాత పేషెంట్లకి విశ్రాంతి" అంది పెద్దమ్మ, గుత్తి నడుముకి దోపుకుంటూ. మెట్లెక్కేటప్పుడు ఆవిడ మోకాళ్లు కూడా నొప్పెట్టలేదట. అది ఆవిడే తర్వాత చెప్పింది, ఎవరూ అడక్కుండా.

ఇప్పుడు పొద్దున్నే మెట్ల మీద బారు. ఒకావిడ మిరపమొక్క, ఒకాయన వడలిపోయిన మల్లె, ఎదురింటి దర్జీ అసలు మొక్కే లేకుండా ఖాళీ కుండీతో, "ఏం వేస్తే బతుకుతుందో చెప్పండి సిస్టరమ్మా" అంటూ. పెద్దమ్మ ఒక్కొక్కర్నీ నిలబెట్టి కడిగేస్తుంది. "నీళ్లు పోశారా, ముంచేశారా? మొక్కా ఇది, చేపా?" ఓనరుగారు వాళ్లని బారులో నిలబెడుతుంటారు. ఎవరైనా జేబులోంచి మందుసీసా తీస్తే చాలు, "మొగ్గ మీదుంటే మాడిపోదూ!" అని ఆయనే ముందు అరుస్తారు.

ఇక మీ వంతు. మీ మేడ మీదో, బాల్కనీలోనో, కిటికీ గట్టు మీదో ఎవరు ఏ మొక్కని కాపాడబోయి ఏ మొక్క కొంప ముంచారో రాసి పంపండి. పక్కపక్కన ఏం నాటితే ఏం జరిగిందో కూడా రాయండి, నిజంగానే పనికొస్తుంది. ఇంట్లోవాళ్లు చదువుతారని భయమైతే మనుషుల్ని మార్చేయండి. మొక్కని మాత్రం మార్చకండి, అది పాపం ఏం చేసింది.